శ్రుతి నిలవనివాళ్లు జపనీస్ కరావోకేలో ఏ పాట పాడాలి?

మీరు అడిగింది ఇదీ. డిసెంబరులో ఆఫీసు సంవత్సరాంతపు విందు, బోనెన్‌కై ఉంది, భోజనాలయ్యాక అందరూ కరావోకేకి వెళ్తారు, ఒక్క జపనీస్ పాటైనా పాడమని టీమ్‌లో అడుగుతున్నారు, మీకేమో చిన్నప్పటినుంచీ శ్రుతి నిలవదు. తేలికైన పాటలు చెప్పమన్నారు. నేను కర్ణాటక గాత్రం నేర్చుకుని జపాన్‌లో స్థిరపడినదాన్ని, ఇక్కడి మనవాళ్లకు పాట నేర్పుతుంటాను. చలికాలం మొదలయ్యేసరికి ఇదే ప్రశ్నతో ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. పేర్లు తప్పకుండా చెప్తాను. అయితే ఆ పాట ఎందుకు తేలికో తెలియకుండా పేర్లు మాత్రమే పట్టుకెళ్తే లాభం లేదు. ఒకరి గొంతుకు తేలికైన పాట ఇంకొకరికి నరకం అవుతుంది.

ముందు ఒక చిన్న పరీక్ష చేసుకోండి. పక్కవాళ్లు పాడుతూ శ్రుతి తప్పితే మీకు తెలుస్తుందా? చెవికి ఇబ్బందిగా అనిపిస్తుందా? అయితే మీ చెవి నిక్షేపంగా ఉంది. స్వరాల మధ్య తేడాయే వినపడని స్థితి పుట్టుకతో ఉండేవాళ్లు నూటికి నలుగురిలోపే. ఇక్కడ తమను తాము శ్రుతి రానివాళ్లం, ‘ఒన్‌చి’ అని చెప్పుకునే జపనీయుల్లోనూ చాలామంది విన్నదాన్ని గొంతులోకి దింపలేకపోతున్నవాళ్లే. అలా దింపలేకపోవడానికి నేను ఎక్కువగా చూసిన కారణం ఒకటే, ఆ పాట వాళ్ల శ్రుతిలో లేకపోవడం.

మన కచేరీలు గుర్తు తెచ్చుకోండి. ఎంతటి విద్వాంసులైనా తంబురా తమ గొంతుకు కలుపుకున్నాకే నోరు విప్పుతారు. ఒకరిది ఒకటిన్నర శ్రుతి, ఇంకొకరిది ఐదున్నర. ఎదుటివాళ్ల శ్రుతిలో పాడమని ఎవరూ అడగరు. అదే మనం కరావోకే గదిలోకి వెళ్లగానే, స్టూడియోలో మహా గాయకుడు ఏ శ్రుతిలో పాడాడో అదే శ్రుతిలో పాడబోతాం. పై స్వరం అందక గొంతు బిగుసుకుంటుంది. బిగుసుకున్న గొంతు ఎవరిదైనా అపశ్రుతే పలుకుతుంది.

యంత్రం రిమోట్‌లో ‘కీ’ బటన్ ఉన్నది ఇందుకే. డామ్ యంత్రమైతే డెన్‌మొకు అనీ, జాయ్‌సౌండ్ అయితే క్యోకునవి అనీ పిలిచే పలక లాంటి రిమోట్ ఇస్తారు. అందులో కీ ఒకసారి నొక్కితే శ్రుతి అర స్వరం మారుతుంది, ఆ ఒక్క నొక్కునే ఒక మెట్టు అంటాను. దీన్ని వాడడం తప్పేమో, నామోషీ ఏమో అనుకునేవాళ్లకు నేను చెప్పే కథ ఒకటుంది. కరావోకే యంత్రాన్ని తొలిరోజుల్లో తయారుచేసినవాళ్లలో దైసుకే ఇనోఉఎ ఒకరు. కోబె నగరంలో క్లబ్బులకు వచ్చేవాళ్లు పాడుతుంటే పక్కన వాద్యం వాయించేవారు. ఒక కంపెనీ యజమాని తన ప్రయాణానికి తోడు రమ్మంటే వెళ్లడం కుదరక, ఆయన గొంతుకు తగ్గట్టు వాద్యాన్ని టేపు మీద రికార్డు చేసి ఇచ్చారు. 1971లో వచ్చిన 8-జూక్ యంత్రానికి ఆ ఆలోచనే మూలం. పాడేవాళ్ల గొంతుకు వాద్యం ఒదగడం కరావోకే పుట్టుకలోనే ఉంది. సంకోచం లేకుండా బటన్ నొక్కండి.

ఎంత నొక్కాలన్నది ఇలా తేల్చుకోవాలి. పాటను మొదటినుంచి పాడి చూడకండి. జపనీస్ పాటలో మొదటి నెమ్మది భాగాన్ని ఎ-మెలో అంటారు, తర్వాతది బి-మెలో, అందరికీ గుర్తుండే పల్లవి లాంటి భాగం సాబి. పై స్వరాలన్నీ దాదాపు ఎప్పుడూ సాబిలోనే ఉంటాయి. నేరుగా సాబికి వెళ్లి అన్నిటికంటే ఎత్తున ఉన్న చోటు పాడండి. గడ్డం పైకి లేచినా, మెడ నరాలు బిగిసినా కీ రెండు మెట్లు తగ్గించండి. మళ్లీ పాడండి. హాయిగా వచ్చేదాకా తగ్గించుకుంటూ పోయి, అప్పుడు ఎ-మెలోకి వెనక్కి రండి. అక్కడ కింది స్వరాలు గాలిలా పోకుండా మాటగా వినపడుతున్నాయా? వినపడితే ఆ పాట మీది. పైన సరిపోయినప్పుడు కింద సరిపోక, కింద సరిపోయినప్పుడు పైన సరిపోకపోతే ఆ పాట విస్తీర్ణం, అంటే కింది కొస స్వరం నుంచి పై కొస స్వరం దాకా ఉన్న దూరం, మీ గొంతుకు మించింది. ఎంత ఇష్టమైనదైనా బోనెన్‌కై రోజుకు వదిలేయండి.

మగవాళ్లు ఆడవాళ్ల పాట ఎంచుకుంటే ఒక తిరకాసు ఉంది. తెలియకుండానే గొంతు ఒక స్థాయి కిందికి దిగి పాడుతుంది. అప్పుడు పాటంతా పాతాళంలో ఉన్నట్టు ఉంటుంది. ‘కష్టంగా ఉంది, ఇంకా తగ్గిద్దాం’ అనుకుంటారు. అక్కడ చేయాల్సింది కీ పెంచడం. మూడు నుంచి ఐదు మెట్లు పెంచితే చాలామందికి సరిపోతుంది. ఆడవాళ్లు మగవాళ్ల పాట అదే స్థాయిలో పాడాలన్నా సుమారు అంతే పెంచుకోవాలి.

జపనీస్ వెబ్‌సైట్లలో పాట పేరు పక్కన ‘ఒన్‌ఇకి’ అని వెతికితే దాని విస్తీర్ణం ఉంటుంది. మిడ్ 2 సి అంటే హార్మోనియం మధ్యలో ఉండే ఒకటో శ్రుతి షడ్జమం. హై ఎ అంటే ఒకటో శ్రుతిలో పాడే మగవాళ్లకు తారస్థాయి దైవతం. అలవాటు లేని మగ గొంతు మిడ్ 2 ఇ, ఎఫ్ దాటితే ఇబ్బంది పడుతుంది. ఈ మధ్య వచ్చిన పాటల్లో మగ గాయకులే హై ఎ దాటి పోతున్నారు, అందుకే కొత్త పాటలతో జాగ్రత్తగా ఉండమంటాను.

ఇక పాటలు. శ్రుతి మీద ఏమాత్రం నమ్మకం లేనివాళ్లకు నేను మొట్టమొదట చెప్పేది ఇకుజో యోషి 1984లో పాడిన ‘ఒరా తోక్యో స ఇగు ద’. అందులో ఎక్కువ భాగం మాటల్ని తాళంలో గుప్పించడమే. ఒకే స్వరం మీద వరుసగా నడుస్తుంది, పక్క స్వరాలకు పోయినా మళ్లీ వెనక్కి వస్తుంది. మా ఊళ్లో టీవీ లేదు, రేడియో లేదు, కార్లూ పెద్దగా తిరగవు, ఈ ఊరు నాకొద్దు, తోక్యో పోతాను, డబ్బు కూడబెట్టి అక్కడ ఆవుల్ని పెంచుతాను అని ఒక పల్లెటూరి మనిషి గోడు వెళ్లబోసుకునే పాట. యోషి సొంత ప్రాంతం అఒమొరి. పాటంతా ఆ ఉత్తరాది యాసలోనే ఉంటుంది. పల్లె నుంచి హైదరాబాదుకో బెంగళూరుకో పోయి, అక్కణ్నుంచి ఇక్కడికి వచ్చినవాళ్లకు ఆ మాటలు ఎంత దగ్గరగా తగులుతాయో చెప్పలేను. విదేశీయులు ఆ యాసలో పాడితే గదిలో పెద్దవాళ్లు ముచ్చటపడి తాళం వేస్తారు. ఒకే కష్టం, మాటల వేగం. పాట నెమ్మది చేసే టెంపో బటన్ కూడా రిమోట్‌లో ఉంటుంది, నేర్చుకునేటప్పుడు అది వాడండి.

ఇది చూసి ‘అయితే ర్యాప్ పాటలన్నీ తేలికే కదా’ అనుకోవద్దు. శ్రుతి బాధ లేనిమాట నిజమే కానీ, జపనీస్ మాతృభాష కానివాళ్లకు ఊపిరి తీసుకునే వ్యవధి కూడా దొరకదు. యోషి పాటలో పల్లవి మాటిమాటికీ తిరిగొస్తుంది, వరసలన్నీ ‘లేదు, లేదు’ అనే పోకడలోనే ఉంటాయి. ఆ సదుపాయం మామూలు ర్యాప్‌లో ఉండదు.

కాస్త రాగం పాడాలని ఉంటే ‘ఉఎ ఒ ముఇతె అరుకో’ తీసుకోండి. క్యూ సకమొతో 1961లో పాడింది. 1963లో అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి చేరిన జపనీస్ పాట ఇదే. మనవాళ్లకు దీన్ని ప్రత్యేకంగా చెప్పడానికి కారణం వేరు. ప్రధాన భాగం దాదాపుగా ఐదు స్వరాల మీదే నడుస్తుంది. మధ్యమం, నిషాదం లేని ఆ స్వరాల వరసను ఇక్కడ ‘యొనానుకి’ అంటారు, మనకది మోహన రాగం మెట్లే. స స రి గ స ద ప అంటూ కిందికి వాలుతూ మొదలవుతుంది. మోహనంలో గీతం నేర్చుకున్న పిల్లలకు చెప్తే ఒక్కసారికే పట్టుకుంటారు. సంగీతం నేర్చుకోకపోయినా ఆ రాగంలో సినిమా పాటలు వింటూ పెరిగిన చెవికి ఈ దారి కొత్తగా ఉండదు. అర స్వరం తేడా ఉన్న స్వరాలు పక్కపక్కన రావు కాబట్టి కాస్త జారినా పక్క స్వరంలో పడిపోరు. మధ్యలో మబ్బుల పైన సంతోషం ఉందనే భాగంలో మాత్రం కొత్త స్వరాలు వస్తాయి. ఆ రెండు పాదాలనే విడిగా పదేపదే విని వెళ్లండి. సకమొతో గొంతులోని ఆ వణుకుని అనుకరించే ప్రయత్నం వద్దు, సాదాగా పాడితేనే నిండుగా ఉంటుంది.

ఐదు స్వరాలు ఉన్నంత మాత్రాన పాట తేలికైపోదు. ‘అక తొంబొ’ అనే పిల్లల పాట, కోసకు యమద 1927లో స్వరపరిచింది, అదీ ఇవే స్వరాలు. పేరు చూసి, పిల్లల పాటే కదా అని చాలామంది ఎంచుకుంటారు. మంద్ర పంచమంలో మొదలై, మొదటి పాదం పూర్తికాకముందే తార షడ్జమానికి ఎగురుతుంది. అంత నెమ్మది పాటలో అంత పెద్ద ఎగురు శిక్షణ ఉన్నవాళ్లనే పరీక్షిస్తుంది. అందుకే స్వరాలు ఎన్ని ఉన్నాయని కాక, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి ఎంత దూరం దూకాలి అని చూడాలి. యంత్రం మార్కులు వేసే స్కోరింగు పెడితే తెర పైభాగంలో స్వరాలు అడ్డగీతలుగా కనిపిస్తాయి. అవి మెట్లలా పక్కపక్కన ఉన్న పాటను నమ్మండి, గోడలా ఒక్కసారిగా లేచే పాటను వదలండి.

గుంపు కలిసి పాడిన పాటలు శ్రుతి సమస్య ఉన్నవాళ్లకు వరం. పదిమంది గొంతుల్లో ఇమడాలి కాబట్టి స్వరకర్త విస్తీర్ణం అదుపులో ఉంచుతాడు. స్మాప్ బృందం 2003లో విడుదల చేసిన ‘సెకాఇ ని హితొత్సు దకె నొ హన’ ఇలాంటిదే. రాసి స్వరపరిచింది నొరియుకి మకిహర. నువ్వు పోటీలో మొదటివాడివి కానక్కర్లేదు, లోకంలో నీలాంటి పువ్వు ఒక్కటే అనే పాట ఇది. ఈ దేశంలో తెలియనివాళ్లు ఉండరు, మీరు మొదలుపెడితే రెండో పాదానికే గదంతా కలుస్తుంది. ఎ.కె.బి.48 వాళ్ల 2013 నాటి ‘కొఇసురు ఫార్చ్యూన్ కుకీ’ కూడా అంతే. కంపెనీలూ ప్రభుత్వ కార్యాలయాలూ ఉద్యోగులతో ఈ పాటకు నాట్యం చేయించి వీడియోలు పెట్టిన కాలం ఒకటుంది, చేతుల కదలికలు అందరికీ వచ్చు. ఇది ఆడపిల్లల పాట కాబట్టి పైన చెప్పిన కీ సంగతి గుర్తుంచుకోండి. 1979లో హిదెకి సైజో పాడిన ‘యంగ్ మ్యాన్’ అయితే సాబిలో చేతులెత్తి అక్షరాలు చూపించడమే ముఖ్యం. ఆ సమయంలో మీ స్వరం ఎక్కడుందో వెతికే తీరిక ఎవరికీ ఉండదు.

మీ మేనేజరు వయసు యాభై దాటిందంటే ‘ఒకురు కొతొబ’ గురించి ఆలోచించండి. కైఎన్‌తై బృందం 1979లో పాడింది, బడి నేపథ్యంగా వచ్చిన టీవీ ధారావాహికకు ముఖ్యగీతం, వీడ్కోలు సభల్లో ఇప్పటికీ పాడుతుంటారు. వేగం మధ్యస్తం, పాదాలు పొట్టివి, ప్రతి పాదం తర్వాత ఊపిరికి చోటు ఉంది. త్సుయొషి నగబుచి ‘కంపై’ కూడా మంచి పాటే, పెళ్లిళ్లలో వినపడుతుంది. చరణం దాదాపు మాట్లాడినట్టే ఉంటుంది, సాబిలో మాత్రం స్వరాలు సాగదీయాలి. మీకు సాగదీస్తే గొంతు వణుకుతుందంటే మొదటిదే మేలు.

కుర్రవాళ్ల గుంపైతే ది బ్లూ హార్ట్స్ 1987లో పాడిన ‘లిందా లిందా’. గెంతుతూ అరవడమే అందులో ప్రాణం. కానీ ఎవరూ ముందుగా చెప్పని సంగతి, మొదటి భాగం నెమ్మదిగా, దాదాపు గిటారు ఒక్కటే తోడుగా ఉంటుంది. అక్కడ గొంతు ఒంటరిగా బయటపడుతుంది. ఆ నాలుగు పాదాలను పక్కనున్న మిత్రుణ్ని పాడమని, వాద్యాలన్నీ అందుకున్నాక మీరు కలవండి. ఎవరూ తప్పుపట్టరు.

మీరు అనిమే, అంటే జపనీస్ యానిమేషన్ ధారావాహికలు, చూస్తారని రాశారు, అందుకే ఇది ప్రత్యేకంగా చెప్తున్నాను. మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ‘జన్‌కొకు న తెన్షి నొ తేజె’ మొదటి రెండు పాదాలు పల్చటి వాద్యం మీద, తాళం ఊతం లేకుండా వస్తాయి. నరుతో అనే అనిమేలోని ‘బ్లూ బర్డ్’ అసలు పాటలో ముందు వాద్యం లేకుండా గొంతుతోనే మొదలవుతుంది, మొదటి స్వరం మీ మనసులోంచే రావాలి. ‘గురెంగె’ పైస్థాయిలోనే నిలబడి ఉంటుంది. యోఅసోబి వాళ్ల ‘యొరు ని కకెరు’ వేగం ఎక్కువ, దూకుళ్లు ఎక్కువ, పైగా చివర్లో శ్రుతే మారిపోతుంది. ఈ శ్రుతి మార్పును ‘తెన్‌చో’ అంటారు. పట్టుకున్న శ్రుతిని కష్టపడి నిలుపుకున్నవాళ్లకు అంతకంటే అన్యాయం లేదు. ఏ పాటైనా ఎంచుకునే ముందు చివరి సాబి విని, తెన్‌చో ఉందేమో చూసుకోండి. అనిమేనే కావాలంటే నరుతో తొలినాళ్ల పాట, ఫ్లో బృందం 2004లో పాడిన ‘గో!!!’ ప్రయత్నించండి. కేకలూ, గుంపు అరుపులూ, మాటల దాడీ ఎక్కువ, రెండు మూడు మెట్లు తగ్గించి ఇద్దరు పంచుకుంటే బాగుంటుంది.

నెమ్మది పాట సురక్షితం అనే నమ్మకం కూడా వదిలేయండి. ‘నద సోసో’ అంత అందమైన పాటలు కొద్దిగానే ఉంటాయి, కానీ అందులో ప్రతి స్వరం చాలాసేపు గాలిలో నిలబడాలి. జారితే దాచుకునే చోటు లేదు. హిబరి మిసొర 1989 నాటి ‘కవ నొ నగరె నొ యో ని’ చరణం కింద మొదలై, సాబిలో ఒక్క నిట్టూర్పుతో పైకి లేస్తుంది. ఎన్‌క అనే పాతతరం శైలి పాటలూ అంతే. వాటిలోని స్వర వరస చాలాసార్లు మన శివరంజనికి దగ్గరి చుట్టంలా ఉంటుంది, దైవతం మాత్రం అర స్వరం తక్కువ. అందుకే మనవాళ్లకు వినగానే నచ్చుతాయి. కానీ వాటి అందమంతా ‘కొబుషి’ అనే గమకాల్లో ఉంది, గమకం లేకుండా పాడితే వెలితి, ఉండేలా పాడాలంటే సాధన కావాలి. ఇంట్లో వినండి, ప్రేమించండి, పార్టీలో మాత్రం వేరేవాళ్లకు వదిలేయండి.

భాష గురించి భయపడుతున్నారు కానీ అది మీకు కలిసొచ్చే విషయం. జపనీస్ మాటలు మన మాటల్లాగే ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, హ్రస్వ దీర్ఘాల తేడా, ఒత్తి పలికే ద్విత్వాలు రెండింటిలోనూ ఉన్నాయి. పాటను తెలుగు లిపిలో రాసుకోండి. ఎ, ఏ, ఒ, ఓ విడివిడిగా ఉన్న లిపి మనది, రోమన్ అక్షరాల కంటే ఉచ్చారణ దగ్గరగా పడుతుంది. దీర్ఘం ఉన్నచోట స్వరం కూడా సాగుతుంది కాబట్టి, దీర్ఘాలు సరిగ్గా రాసుకుంటే తాళం సగం దానంతటదే కుదురుతుంది. తెరమీద కంజీ అనే చైనా అక్షరాల పైన, వాటిని చదివే తీరు చిన్న అక్షరాల్లో ఇస్తారు, హిరగాన అనే జపనీస్ అక్షరమాల వస్తే అదే చాలు.

గదిలో చేయాల్సినవి కొన్ని. రిమోట్‌లో ‘గైడ్ మెలొది’ శబ్దం పెంచండి. అసలు స్వరం సన్నగా తోడు వస్తుంది, తంబురా లేని చోట అదే మీకు ఊతం. ఎకో తగ్గించండి. ఎకో ఎక్కువైతే గొంతు బాగున్నట్టే ఉంటుంది కానీ మీ స్వరం మీకు వినపడదు, వినపడని స్వరాన్ని ఎవరూ సరిచేసుకోలేరు. స్పీకరుకు మరీ దగ్గరగా నిలబడకండి. రెండో మైకు గట్టిగా పాడగలిగేవాళ్లకు ఇచ్చి ఒకే స్వరంలో కలిసి పాడమనండి. ‘హమొరి’, అంటే పక్క స్వరంలో జతగా పాడడం, మాత్రం వద్దని మొహమాటం లేకుండా చెప్పండి. అది మిమ్మల్ని వాళ్ల స్వరంలోకి లాగేస్తుంది. పార్టీలో స్కోరింగు కట్టేయమని అడగండి. నేర్చుకునేటప్పుడు మాత్రం అది మంచి గురువు. స్థాయి కింద పాడినా స్వరం సరైనదైతే ఒప్పుకుంటుంది, ఏ పాదంలో పైకి పోతున్నారో, ఏ పాదంలో దిగిపోతున్నారో గీతల్లో చూపిస్తుంది.

సాధనకు ‘హితొకర’, అంటే ఒంటరి కరావోకే, ఇక్కడ మామూలు విషయం. కౌంటరులో ‘హితొరి’ అంటే చాలు, ఎవరూ వింతగా చూడరు. పనిరోజుల్లో పగటిపూట ధర తక్కువ. వెళ్లినప్పుడు పది పాటలు పాడొద్దు. ఒక్క పాట తీసుకుని, మొదటిసారి పాడకుండా పెదవులు మూసి రాగం మాత్రం తీయండి, రెండోసారి మాటలు లేకుండా ‘ల ల’ అనండి, మూడోసారి మాటలతో పాడండి. స్వరమూ మాటా రెండూ ఒక్కసారే పట్టుకోబోతే రెండూ జారతాయి. సరిపోయిన కీ అంకెను ఫోనులో రాసుకోండి, ఆ రోజు గదిలో వెతుక్కోనక్కర్లేదు.

మీది బరువైన మగ గొంతు అన్నారు కాబట్టి నా ఎంపిక ఇది. యోషి పాట ఉన్న కీలోనే మొదలుపెట్టి చూడండి. సకమొతో పాట రెండు మెట్లు తగ్గించి పరీక్షించండి, సాబి పద్ధతిలోనే. రెండింటిలో ఏది హాయిగా ఉంటే దాన్ని సాయంత్రం మొదటి సగంలోనే, గది ఇంకా వేడెక్కుతున్నప్పుడు పాడేయండి. బాగా పాడేవాళ్లు వరుసగా పాడాక మైకు అందుకోవడం కంటే అదే నయం. ఆ తర్వాత ఇంకోటి పాడమంటే స్మాప్ పాట పెట్టి, రెండో మైకు మేనేజరుకు ఇవ్వండి.